బల్ల తీసేసి, బండిని మళ్లీ పంపమని

ఆరోగ్య శాఖ అధికారి గారి సముఖమునకు,

ప్రెస్సు మడత సెక్షన్‌లో పనిచేయుచున్న అవివాహిత, ఒక బిడ్డ తల్లి, సమర్పించుకొను అర్జీ.

విషయం: మా ప్రెస్సుకు వచ్చే ఆడవారి ఆరోగ్య పరీక్షల బండిని నిలిపివేసిన ఉత్తర్వును రద్దుపరచుట – బండిలోని పెద్ద సిస్టర్‌ను తిరిగి పనిలోకి తీసుకొనుట – పెళ్లికాని వారిని కూర్చోబెట్టే బల్లను తొలగించుట – గురించి.

సూచిక: మా అమ్మాయి తమకు పంపిన ఫిర్యాదు, దానికి తమరు దయచేసిన జవాబు.

అయ్యా,

జవాబు కింద తమ సంతకం చూస్తే తమరు అయ్యగారో అమ్మగారో తేలలేదు. అమ్మగారైన పక్షంలో పైమాటను 'అమ్మా' అని చదువుకోగలరు. అప్పుడు నేను చెప్పాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. దరఖాస్తుదారునైన నేను ప్రెస్సులో కాగితాలు మడుస్తాను. అచ్చయిన పెద్ద కాగితం మా ముందుకు వస్తుంది. దాన్ని సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి మడిచి, బద్దతో గట్టిగా గీసి కుట్టుకు పంపిస్తాం. బడి పుస్తకాలు, సర్కారు ఫారాలు, రూల్సు పుస్తకాలు అన్నీ మా చేతుల మీదుగానే పోతాయి. కాగితాలు మడిచే మనిషికి 'పురస్కరించుకొని', 'సదరు' లాంటి మాటలు ఎలా వచ్చాయని తమరు అనుమానపడవద్దు. మడుస్తూ మడుస్తూ కంటబడినవి ఏరుకున్నాను. మడతలో పేజీలు వరుసగా రావు కనుక ఎక్కడైనా తప్పు చోట వాడి ఉంటే మన్నించగలరు.

నాకు వివాహము కాలేదు. ఒక ఆడపిల్ల ఉంది. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాస్తే చదివేవాళ్లు మూడో వాక్యం కోసం వెతుకుతారు. మూడోది లేదు. బిడ్డ తండ్రి ఈ అర్జీకి అనవసరం. ఆయన దేనికీ అక్కర్లేదని చాలా కాలం కిందటే తేలిపోయింది.

అమ్మాయి చదువుకుంది. పోయిన ఏడాది బండి వచ్చి వెళ్లిన తర్వాత మా ప్రెస్సులోనే, మేడ మీద ప్రూఫులు చూసే పనిలో చేరింది. భోజనం వేళకి డబ్బా పట్టుకుని కిందికి దిగి, నా పక్కన కూర్చుని అందరి ముందూ 'అమ్మా' అని పిలుస్తుంది. ఆ పిలుపులో గొంతు ఎప్పుడూ తగ్గించలేదు. నేను కూడా దాన్ని అక్క కూతురనో, పెంచుకున్న పిల్లనో ఎవరి దగ్గరా చెప్పలేదు. అర్జీలో గర్వం పనికిరాదని తెలుసు. అయినా రాశాను.

2. సదరు ఆరోగ్య బండి ఏడాదికొకసారి, వానలు వెనకబట్టాక మా ప్రెస్సుకు వచ్చి కాగితాల గోడౌన్ పక్కన ఆగేది. వెనక తలుపుకి తెర, లోపల ఒక మంచం, ఒక పెద్ద లైటు. బయట కుడివైపు ప్లాస్టిక్ కుర్చీలు, ఎడమవైపు ఒక చెక్కబల్ల. కుర్చీలు పెళ్లయినవాళ్లకి, బల్ల పెళ్లికానివాళ్లకి.

కుర్చీల్లో కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినీ తెర లోపలికి పిలిచేవారు. గర్భసంచి మూతి మీద ఏదో మందు పూసి, లైటు వేసి చూసేవారు. తెల్లమచ్చ కనబడితే అక్కడికక్కడే కాల్చేసి ఇంటికి పంపేవారు. బల్ల మీద కూర్చున్నవాళ్లకి బరువు చూసి, బీపీ చూసి, ఐరన్ బిళ్లలు ఇచ్చేవారు. పెళ్లికాని ఆడదానికి లోపలి పరీక్షతో పని ఉండదని తమ శాఖవారి నమ్మకం కాబోలు. ఎవరు ఎటు కూర్చోవాలన్నది పెద్ద సిస్టర్ అడిగే ఒక్క ప్రశ్నతో తేలిపోయేది. "పెళ్లయిందా?"

ఆ ప్రశ్న ఆవిడకి కూడా కష్టంగానే ఉండేది. మొగుడు పోయిన మా ఊడ్చే ఆవిడని మొదట కుర్చీలో కూర్చోబెట్టి, మొహం చూసి జాలిపడి, "నీకిప్పుడు ఇవన్నీ ఎందుకులేమ్మా" అని బల్ల మీదికి మార్చింది. మొగుడు వదిలేసిపోయిన కుట్టుమిషను ఆవిడ వంతు వచ్చేసరికి ఎటూ తేల్చలేక, ఒక కుర్చీ తెప్పించి బల్ల పక్కన వేయించింది. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆ కుర్చీ ఆవిడ కూడా నవ్వింది.

3. బండి మొదటిసారి వచ్చిన ఏడు సిస్టర్ నన్నూ అందరినీ అడిగినట్టే గట్టిగా అడిగింది.

"పెళ్లయిందా?"

"కాలేదండీ. ఒక పాప ఉంది."

కటింగ్ మిషను దగ్గర మగవాళ్లు తలలెత్తారు. మిషను కూడా ఆగింది. సిస్టర్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టి, లేచి నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "ఎందుకమ్మా ఇంతమందిలో? వినేవాళ్లు ఏమనుకుంటారు? అవివాహిత అని రాసేస్తాలే, ఇంకేమీ అడగను. వెళ్లి ఆ బల్ల మీద కూర్చో తల్లీ."

తల్లీ అంది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. కాన్పు గదిలో ఆయా దగ్గర్నుంచి బడిలో గుమాస్తా దాకా నా సంగతి తెలిసిన ప్రతివాళ్లూ గొంతు పెంచినవాళ్లే. తెలిశాక గొంతు తగ్గించిన మొదటి మనిషి ఆవిడ. వెళ్లేటప్పుడు నా చేతిలో రెండు అట్టల ఐరన్ బిళ్లలు ఎక్కువ పెట్టింది. ఆ బిళ్లల మీద నాకు పెద్ద ఆశ లేకపోయినా ఆవిడ మాట పోనివ్వకూడదని ఒక్కటీ వదలకుండా మింగాను.

ఆ తర్వాత ఏ ఏడూ ఆవిడ నన్ను ప్రశ్న అడగలేదు. నన్ను చూడగానే నవ్వి, కళ్లతో బల్ల చూపించేది. నేను వెళ్లి కూర్చునేదాన్ని. నాకోసం ఒక మనిషి ఇంత గుర్తుపెట్టుకుందని సంతోషంగా ఉండేది.

4. కాలక్రమమున దరఖాస్తుదారునకు వయసు మీద పడెను. నెలసరి క్రమం తప్పింది. ఒక నెల రాదు, వచ్చిన నెల పోదు. మధ్యమధ్యలో కూడా కనబడేది. కూర్చుని మడుస్తుంటే నడుము లాగేసేది, ఒళ్లంతా సెగలు కమ్మేవి. ఇంకొకటి కూడా ఉండేది, దాని వాసన రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. తమరు వైద్య శాఖవారు కనుక అర్థం చేసుకోగలరు.

నా పక్క సీటు ఆవిడని సెక్షన్ అంతా వదిన అంటాం. వయసులో నాకంటే కాస్త పెద్దది. ఆవిడకి చెబితే, "ఆగిపోయే ముందు ఇలాగే నానా గోల చేస్తుంది, నాకూ అంతే కదా. ఓ ఏడాది ఓర్చుకో, పీడ వదిలిపోతుంది" అంది. నేనూ అదే అనుకున్నాను. ఈ వయసులో ఒంట్లో ఏది జరిగినా ఆగిపోవడం కిందే కొట్టేస్తారు. మనమూ అలాగే కొట్టేసుకుంటాం.

ఈ వదినకి పిల్లలు లేరు. పెళ్లయింది కనుక కుర్చీల వైపు కూర్చునేది. రెండేళ్ల కిందట బండిలో చూసి ఏదో మచ్చ ఉందని కాల్చేశారు. బయటికి వచ్చి, "చీమ కుట్టినట్టయింది, అంతే" అని మర్నాడు మామూలుగా పనిలోకి వచ్చింది. ఆ రోజు నేను బల్ల మీద కూర్చుని ఆవిడ చేతిసంచి పట్టుకున్నాను. కుర్చీకీ బల్లకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. ఈ మాట రాస్తుంటే నాకు దుఃఖం ఆగడం లేదు.

5. ఈ ఏడాది మొదట్లో ఒకరోజు మడత మీద మడత పెడుతూ కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాను. లేచి చూసుకుంటే కుర్చీ, చీర, కింద పేర్చిన కాగితాలు, అన్నీ తడిసిపోయాయి. మేస్త్రి కాగితాల సంగతి ఎత్తలేదు. ఆయనకి ఎప్పుడూ రుణపడి ఉంటాను. అమ్మాయి మేడ మీదనుంచి మెట్లన్నీ దూకుతూ వచ్చి నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ అడిగింది. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ లోపల చూడలేదా?"

"ప్రెస్సుకి బండి వస్తుందండీ. నేను బల్ల మీద కూర్చుంటాను."

"బల్లేంటి?"

చెప్పాను. ఆవిడ నా చీటీ మీద ఏదో రాసుకుంది. తర్వాత గర్భసంచి మూతి దగ్గర క్యాన్సరనీ, ఆపరేషన్ దశ దాటిపోయిందనీ, రేడియేషన్ కరెంటు పెట్టి చూద్దామనీ చెప్పింది. చూద్దాం అన్న మాట ఆవిడ ఎలా అందో నాకు ఇంకా చెవిలో ఉంది. ఎవరి మీదా కోపం రాలేదు. భయం వేసింది. ఇప్పటికీ వేస్తోంది.

ఇంటికి వచ్చాక అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా నిలబడి, "పెళ్లయిందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే కుర్చీలో కూర్చునేదానివి కదమ్మా" అంది.

"అలా అంటే మొగుడి పేరు అడిగేవాళ్లు. లేని మనిషిని నేనెక్కణ్ణుంచి తేవాలే?"

"ఉన్న పాపని ఎందుకు చెప్పావు మరి? అది చెప్పబట్టే కదా ఆవిడ నిన్ను దాచేసింది."

"ఉన్నావు కాబట్టి చెప్పాను."

"అయితే నా వల్లేనా?"

"ఛీ, నోర్ముయ్" అన్నాను. అని దగ్గరికి లాక్కున్నాను. చాలాసేపు ఇద్దరం ఏడ్చాం. పుట్టిన రోజు నుంచీ దాన్ని ఎవరూ ఆ మాట అనకుండా కాపాడుకుంటూ వచ్చాను. ఇప్పుడు అదే తనని తాను అనుకుంటోంది. నాకు రోగం కంటే ఇది ఎక్కువ బాధగా ఉంది.

6. పిమ్మట మా అమ్మాయి ఒళ్లు మండి తమకు ఫిర్యాదు పంపినది. అందులో ఒక్క అక్షరం తప్పు ఉండదు, అది రాసింది కనుక. తమ జవాబు కూడా త్వరగానే వచ్చింది. అది మా ప్రెస్సు కాగితమే. అంచు కోత చూసి గుర్తుపట్టాను, మా కటింగ్ మిషను ఒక మూల కొంచెం లాగుతుంది. అందులో తమరు సెలవిచ్చినది: సదరు సిస్టర్‌ను విధుల నుంచి తప్పించడమైనది. విచారణ ముగిసేవరకు సదరు ప్రెస్సుకు బండిని నిలిపివేయడమైనది.

బల్ల గురించి ఒక్క మాట లేదు.

తప్పు చేసింది బల్ల. శిక్ష సిస్టర్‌కి, మా సెక్షన్ మొత్తానికి పడింది. వదిన ఈ ఏడాది మళ్లీ చూపించుకోవాలి, కాల్చినచోట ఎలా ఉందో చూస్తామన్నారట. బండి రాదని తెలిసి ఆవిడ మా ఇంటికి వచ్చింది. నా మంచం మీద కూర్చుని నా కాళ్లు నొక్కుతూనే, "నీ కూతురు రాసిన దానికి మా అందరి నోట్లోనూ మట్టి పడింది కదే" అంది. తిట్టడానికి వచ్చి కాళ్లు పట్టే మనిషిని ఏమనగలం? పెద్దాసుపత్రికి పొమ్మంటే సెక్షన్‌లో ఒక్కరూ పోరు. సెలవు పెట్టి, వరుసలో నిలబడి, ఒంట్లో బాగానే ఉందనిపించుకోవడానికి ఎవరు పోతారు? బండి వాకిట్లోకి వచ్చేది కనుక, అదీ ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

7. (ఈ అంశము తొలగించబడినది.)

8. తమరు పనిలోంచి తీసేసిన తర్వాత పెద్ద సిస్టర్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తెల్లబట్టలు లేకుండా ఆవిడని చూడటం అదే మొదలు. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అమ్మాయి లోపలికి రమ్మనలేదు. నేనే రమ్మన్నాను.

"నీ పరువు కాపాడుతున్నాననుకున్నానక్కా" అంది. అంత పెద్దావిడ నన్ను అక్కా అంటోంది.

నాకు మొదటిసారి కోపం వచ్చింది. "నా పరువుకేమీ కాలేదు సిస్టరమ్మా. అది గట్టిగానే ఉంది. పోయేది ప్రాణం" అన్నాను.

ఆవిడ గోడకి జారబడి కింద కూర్చుండిపోయింది. అంతలో నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆవిడ నాకు చెడు చేయాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. లోకమంతా నన్ను వేలెత్తి చూపిస్తే ఆవిడ కొంగు కప్పింది. కప్పినచోట చూడలేదు, అంతే. అమ్మాయి మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆవిడ ముందు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. పెట్టింది కదా, నాకది చాలు.

వెళ్లేముందు ఆవిడ, "నాకు మళ్లీ ఉద్యోగం ఇస్తే ప్రతి ఒక్కరినీ లోపలికే పిలుస్తాను, ఎవరేమన్నా సరే" అంది. అయ్యా, ఇంత బాధపడి నేర్చుకున్న మనిషిని తీసేసి, ఏమీ తెలియని ఇంకొకరిని తెచ్చుకుంటే తమ శాఖకి ఏం లాభం? కొత్తగా వచ్చినావిడ మళ్లీ మొదట్నుంచి మొదలుపెడుతుంది. గట్టిగా అడుగుతుంది, జాలిపడుతుంది, బల్ల చూపిస్తుంది.

9. కావున తమరు దయతలచి ఈ దిగువ పనులు చేయించవలెనని మనవి.

బండిని మళ్లీ పంపించండి. విచారణ చేసుకోండి, ఎన్నాళ్లైనా చేసుకోండి, కానీ బండిని గ్యారేజీలో పెట్టి చేయవద్దు.

పెద్ద సిస్టర్‌ను అదే బండిలో పంపించండి.

బల్ల తీయడానికి తమ మనుషులెవరూ రానక్కర్లేదు. అది మా సెక్షన్ బల్లే, కుట్టిన పుస్తకాలు పేర్చుకునేది. మేమే లోపలికి మోసుకుపోతాం. అందరికీ కుర్చీలు వేయండి.

పెళ్లయిందా అని అడగడం మానిపించండి. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, తెర వేసి, ఈ పరీక్ష ఎందుకో నాలుగు ముక్కల్లో చెప్పి, "నీకు చేయమంటావా అమ్మా?" అని నెమ్మదిగా అడగండి. చేయమంటే చేయండి. ఎందుకని అడగొద్దు. ఏమీ రాయనక్కర్లేదు. తమ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే కుదరదంటారేమో. ఆ ఫారాలు మడిచేది మేమే. ఖాళీ గడులు ఎన్నో చూశాం, ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

నాకంటూ ఏమీ అడగడం లేదు. నాకు జరగాల్సింది పెద్దాసుపత్రిలో జరుగుతోంది. కరెంటు పెట్టిన రోజు అన్నం సయించదు, మిగతా రోజుల్లో కాస్త తింటున్నాను.

ఇన్ని మడతలూ విప్పి చూసినందుకు తమకు నమస్కారములు. దీనిని ఫైలులో పెట్టే ముందు ఒక్కసారి మనసులో పెట్టి చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
మడత సెక్షన్, కిటికీ పక్క సీటు
(ప్రస్తుతం సెలవులో)

తాజా కలం: ఈసారి బండి వస్తే మా అమ్మాయి కూడా వరుసలో ఉంటుంది. దానికి పెళ్లి కాలేదు. మిగతా సంగతులు నాకు తెలియవు, నేను అడగలేదు. కన్నతల్లికే అక్కర్లేని సంగతి తమ బండికి అంతకన్నా అక్కర్లేదు. దాన్ని లోపలికి పిలవమనండి. సిస్టర్‌ని ఒక్కటే బతిమాలుకుంటున్నానని చెప్పండి, మీ అమ్మ ఎలా ఉందని మాత్రం దాన్ని అడగవద్దు. బయటికి గట్టిగా కనబడుతుంది కానీ ఆ ఒక్క మాటకీ తట్టుకోలేదు. ఐరన్ బిళ్లలు మాత్రం రెండు అట్టలు ఎక్కువ ఇవ్వమనండి.

మరొక కలం: ఇది అమ్మాయికి తెలియకుండా రాసి దిండు కింద పెట్టుకున్నాను. దుప్పటి మారుస్తూ చూసేసింది. సిస్టర్ సంగతి చదివి చింపేస్తుందని భయపడ్డాను. కిటికీ దగ్గర నిలబడి మొదట్నుంచి చివరిదాకా చదివింది, తన గురించి రాసిందీ చదివింది. సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీసింది. నా తప్పులన్నీ దిద్దుతుంది కాబోలనుకున్నాను. ఒక్క చోటే దిద్దింది. ఏడో అంశంలో నేను, "బండి మళ్లీ వచ్చే నాటికి దరఖాస్తుదారు ఉండదు" అని రాశాను. దాన్ని అడ్డంగా కొట్టేసి, తీసేయమని ప్రూఫుల్లో పెట్టే గుర్తు పెట్టి, పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో 'ఉంటుంది' అని రాసింది. పెన్సిల్ సంచిలో వేసుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. తమకు పంపుతున్నది తిరగరాసిన ప్రతి. ఇందులో దాని మాట ప్రకారమే ఏడో అంశం తీసేశాను. ఒప్పో తప్పో నాకు తెలియదు, దాని దిద్దుబాటుని నేను దిద్దలేదు.